బిడ్డ ప్రయాణం – తండ్రి భయం




సికింద్రాబాద్ శివారులోని ఏ.ఎస్. రావు నగర్‌లో అస్ర్ నమాజు తరువాత కాసేపు నడిస్తే, ప్రధాన రహదారికి ఇరువైపులా విదేశీ విద్యకు పంపించే సంస్థల బోర్డులు కనిపిస్తాయి. అమెరికా, బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియా అంటూ దేశాల పేర్లు ఒకదాని క్రింద ఒకటి రాసి ఉంటాయి. ఈ కాలనీకి ఎవరి పేరు పెట్టారో ఆ డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారు కూడా ఒకప్పుడు అమెరికా వెళ్ళి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుని స్వదేశానికి తిరిగివచ్చినవారే. 1967లో ఆయన సారథ్యంలో ఈసీఐఎల్ సంస్థ ఆవిర్భవించింది. ఆ సంస్థ ఉద్యోగుల ఇళ్ళతో ఈ కాలనీ పెరిగింది. ఆనాటి ఉద్యోగుల పిల్లలు, మనుమలు నేడు ప్రపంచమంతటా విస్తరించి ఉన్నారు. చుట్టుప్రక్కల కుషాయిగూడ, కాప్రా, మౌలాలీ ప్రాంతాల ముస్లిం కుటుంబాల నుండి కూడా ప్రతి ఏటా కొందరు బిడ్డలు చదువుల కోసం సముద్రాలు దాటుతున్నారు.

మధ్యాహ్నపు మక్తబ్‌లో నా దగ్గర ఖాయిదా మొదలుపెట్టి ఖుర్ఆన్ పూర్తి చేసిన పిల్లల్లో ఇలా వెళ్ళినవారు పదిమందికి పైగానే ఉన్నారు. వారి తల్లిదండ్రులు నా దగ్గరకు వచ్చి అడిగే ప్రశ్నలు ఈ మధ్య మారాయి. పూర్వం హలాల్ మాంసం గురించి, విద్యా రుణం మీద వడ్డీ గురించి అడిగేవారు. ఇప్పుడు మరో ప్రశ్న తరచుగా వినిపిస్తోంది: “మౌలానా! మా అబ్బాయి శని, ఆదివారాల్లో మిత్రులతో కలిసి కొండలకు, సరస్సులకు, జలపాతాలకు తిరుగుతున్నాడు. వెళ్ళనివ్వాలా? మానిపించాలా?”

ఈ ప్రశ్నకు నేను ఒకసారి తప్పుగా జవాబిచ్చాను. ఆ సంగతి పాఠకుల ముందు ఉంచటం నా బాధ్యతగా భావిస్తున్నాను.

అడగకుండా చెప్పిన తీర్పు

2023వ సంవత్సరం చివరి రోజులు. ఏ.ఎస్. రావు నగర్‌లో నివసించే ఒక సోదరుడు మగ్రిబ్ తరువాత తన ఫోను నా చేతికిచ్చారు. ఆయన కుమారుడు ఆ ఏడాది సెప్టెంబరులోనే ఎం.ఎస్. కోసం బ్రిటన్ వెళ్ళాడు. చిన్నప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లవాడే. ఫోనులో ఒక సరస్సు ఒడ్డున దిగిన ఫోటో ఉంది. ఏడెనిమిది మంది యువకులు నవ్వుతూ నిలబడి ఉన్నారు. వెనుక వరుసలో ఇద్దరు అమ్మాయిలు కూడా ఉన్నారు.

“చదువుకోమని పంపితే ఇదీ పరిస్థితి మౌలానా! మీరే చెప్పండి” అన్నారాయన.

నేను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆ పిల్లవాడు ఎవరితో వెళ్ళాడు, ఎంత దూరం వెళ్ళాడు, అక్కడ నమాజు సంగతి ఏం చేశాడు, ఆ అమ్మాయిలు అతని మిత్రుల భార్యలా, తోటి విద్యార్థినులా, ఏదీ అడగలేదు. “విద్యార్థి సమయం అమానతు. షికార్లు మానుకోమని నా మాటగా చెప్పండి” అన్నాను. ఆయన ఆ రాత్రే కుమారునికి నా మాట చేరవేశారు.

తరువాతి కొన్ని నెలలు ఇల్లు ప్రశాంతంగా గడిచింది. ఫోటోలు రావటం ఆగిపోయింది. ప్రతి ఆదివారం ఫోనులో అబ్బాయి “బాగున్నాను అబ్బా, చదువుకుంటున్నాను” అనేవాడు. తండ్రి సంతోషించారు. నిజం చెప్పాలంటే, నా మాట పనిచేసిందని నేనూ సంతోషించాను.

2024 ఏప్రిల్‌లో ఈదుల్ ఫిత్ర్ గడిచి వారం తిరగకముందే స్కాట్లాండ్ నుండి ఒక విషాద వార్త వచ్చింది. డండీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న నలుగురు మిత్రులు ఏప్రిల్ 17న లిన్ ఆఫ్ టుమ్మెల్ అనే జలపాత ప్రాంతానికి వెళ్ళారు. అక్కడ టుమ్మెల్ నదిలో గారీ నది కలుస్తుంది. వారిలో ఇద్దరు నీటిలో మునిగి మరణించారు. ఇద్దరూ ఆంధ్రప్రదేశ్‌కు చెందిన యువకులే. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

పేర్లు పత్రికల్లో వచ్చాయి. ఆ ఇద్దరిలో తమ బిడ్డ లేడని ఈ తల్లిదండ్రులకు తెలుసు. అయినా తల్లి మనసు ఆగలేదు. జాగ్రత్తలు చెబుదామని శనివారం మధ్యాహ్నం కుమారునికి ఫోను చేశారు. ఫోను కలవలేదు. గంట తరువాత మళ్ళీ చేశారు. కలవలేదు. సాయంత్రమైంది, రాత్రయింది. ఇషా నమాజు తరువాత ఆ సోదరుడు మస్జిదులో నా ప్రక్కన వచ్చి కూర్చున్నారు. ఆయన చేతులు వణుకుతున్నాయి.

“మౌలానా! వాడు ఎక్కడున్నాడో తెలియదు. ఎవరితో ఉన్నాడో తెలియదు. వాడి మిత్రుల్లో ఒక్కరి నంబరైనా మా దగ్గర లేదు. ఎవరికి ఫోను చేయమంటారు?”

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి మేమిద్దరం మస్జిదు వరండాలోనే ఉండిపోయాం. ఫజ్ర్ అజాన్‌కు కొంచెం ముందు ఆయన ఫోను మ్రోగింది. అబ్బాయి క్షేమంగానే ఉన్నాడు. మిత్రులతో కొండ ప్రాంతానికి వెళ్ళాడు. అక్కడ సిగ్నల్ లేదు. తిరుగు ప్రయాణంలో ఫోను తెరిస్తే ఇంటి నుండి వచ్చిన కాల్స్ కనిపించాయి. తండ్రి సజ్దాలో పడి ఏడ్చారు. నేనూ అల్హందులిల్లాహ్ అన్నాను. కాని నా గుండెలో ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఈ ఇంటికి తన బిడ్డ ఆచూకీ తెలియకుండా చేసినది ఎవరు?

శిష్యుడు చెప్పిన మాట

కోర్సు ముగిశాక ఆ అబ్బాయి ఇంటికి వచ్చాడు. నన్ను కలవటానికి మద్రసాకు కూడా వచ్చాడు. పూర్వపు వినయంతోనే సలాం చేసి నా ఎదుట కూర్చున్నాడు. నేనే అడిగాను: “బేటా! నా మాట విని ప్రయాణాలు మానేశావనుకున్నాను.”

కొంతసేపు తల దించుకుని, ఆ తరువాత చెప్పాడు: “ఉస్తాద్! వారమంతా తరగతులు. ఆ పైన వారానికి 20 గంటల ఉద్యోగం. గదికి వస్తే నాలుగు గోడలు, నాలుగు గంటలకే చీకటి. మిత్రులతో నెలకొకసారి బయటకు వెళ్ళకపోతే పిచ్చెక్కేలా ఉండేది. వెళ్ళాను. అబద్ధం చెప్పలేదు. కాని ఎవరూ అడగలేదు కనుక నేనూ చెప్పలేదు.”

తరువాత అతను అన్న మాట నన్ను నేటికీ వదలలేదు. “ఒకసారి కారులో వెళుతుంటే జుహర్ సమయం దాటిపోతోంది. కారు ఆపమని మిత్రులను అడగటానికి సిగ్గుపడి సీటులోనే కూర్చుని నమాజు చేశాను. అది చెల్లుతుందో లేదో తెలియదు. ఖస్ర్ చేయాలా వద్దా, అదీ తెలియదు. మిమ్మల్ని అడగాలని ఎన్నోసార్లు మీ నంబరు తీశాను. అడిగితే నేను ప్రయాణం చేస్తున్నట్లు మీకు తెలిసిపోతుంది కదా అని మళ్ళీ ఫోను పెట్టేశాను.”

పాఠకులారా! ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు నమాజు నేర్పుతున్నవాడిని. నా దగ్గర నమాజు నేర్చుకున్న పిల్లవాడు, తన నమాజు చెల్లిందో లేదో నన్ను అడగలేకపోయాడు. ఆ ద్వారం నేనే మూశాను. ఒక బసలో కొందరు మిత్రులు మద్యం తెచ్చారని, తాను తాగలేదని, అయితే ఆ రాత్రంతా వారి మధ్యనే కూర్చోవలసివచ్చిందని కూడా అతను చెప్పాడు. అలాంటి చోట ఏం చేయాలో ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదన్నాడు. చెప్పవలసినవారం మేమే. మాకు తెలిస్తే కదా చెప్పటానికి!

యాఖూబ్ (అ) రెండుసార్లు పంపారు

ఆ రాత్రి నేను దివ్య ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరా తెరిచాను. ఎన్నోసార్లు బోధించిన సూరా. అయితే ఆ రోజు దానిని ఒక తండ్రి కథగా చదివాను.

అన్నలు వచ్చి, రేపు యూసుఫ్‌ను మాతో పంపించండి, హాయిగా తిని ఆడుకుంటాడు, మేము కాపాడతాము అని తండ్రిని కోరారు. ఈనాటి మాటల్లో చెప్పాలంటే అది ఒక విహారయాత్ర. ప్రవక్త యాఖూబ్ (అ) తన భయాన్ని దాచుకోలేదు. మీరు ఏమరుపాటుగా ఉన్నప్పుడు వాడిని తోడేలు తినివేస్తుందేమోనని దిగులుగా ఉందన్నారు. అయినా పంపించారు. సాయంత్రం అన్నలు ఏడుస్తూ వచ్చి, తండ్రి నోట విన్న ఆ తోడేలునే సాకుగా చెప్పారు. అసలు అక్కడ తోడేలు లేదు. ఆపద వెంట వెళ్ళినవారి హృదయాల్లో ఉంది.

ఏళ్ళు గడిచాయి. కరవు వచ్చింది. ఆ కుమారులే మళ్ళీ వచ్చి, చిన్న తమ్ముణ్ణి ఈజిప్టుకు తమతో పంపమని అడిగారు. మొదటి గాయం ఇంకా మానలేదు. మనమైతే తలుపులు మూసి గడియ వేసేవాళ్ళం. యాఖూబ్ (అ) ఈసారి కూడా పంపించారు. అయితే ఈసారి పంపిన తీరు వేరు. గతంలో జరిగినది వారికి గుర్తుచేశారు. అల్లాహ్ పేరిట వారి నుండి ప్రమాణం తీసుకున్నారు. మీరంతా చుట్టుముట్టబడితే తప్ప వాడిని నా దగ్గరకు తిరిగి తీసుకురావాలన్నారు. అంటే మనిషి శక్తికి మించిన స్థితిని కూడా ముందే లెక్కలోకి తీసుకున్నారు. అందరూ ఒకే ద్వారం గుండా నగరంలోకి వెళ్ళవద్దు, వేరు వేరు ద్వారాల గుండా ప్రవేశించండి అని ఆచరణయోగ్యమైన సలహా ఇచ్చారు. ఆ తరువాత, అల్లాహ్ నిర్ణయం ముందు నా జాగ్రత్త ఏమీ చేయలేదని ఒప్పుకుని ఆయనకే అప్పగించారు.

ఈ రెండు ఘట్టాల మధ్య తేడా గమనించండి. మొదటిసారి తండ్రి తన భయం చెప్పుకున్నారు. రెండవసారి తోడు వెళ్ళేవారిని బాధ్యులుగా నిలబెట్టారు, మార్గం చెప్పారు, చివరకు అల్లాహ్‌పై భారం వేశారు. నేను ఆ సోదరునికి రెండవ ఘట్టం బోధించవలసింది. నేను తోడేలును మాత్రమే చూపించాను.

మన పూర్వీకుల తల్లులను కూడా తలచుకుందాం. ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహి అలైహి) పదహారేళ్ళ వయసులో తల్లితో, అన్నతో కలిసి హజ్ యాత్రకు మక్కా వెళ్ళారు. హజ్ ముగిశాక తల్లి, అన్న బుఖారాకు తిరిగివచ్చారు. ఆయన విద్య కోసం అక్కడే ఉండిపోయారు. పదహారేళ్ళ బిడ్డను పరాయి నగరంలో వదిలి, నెలల తరబడి ఎడారులు దాటి ఇంటికి చేరిన ఆ తల్లికి ఫోను లేదు, ఉత్తరం ఎప్పుడు వస్తుందో తెలియదు. ఆమె దగ్గర ఉన్నది దుఆ ఒక్కటే. తల్లిదండ్రుల దుఆ, ప్రయాణికుని దుఆ తిరస్కరించబడవని దైవప్రవక్త (స) తెలియజేశారు. ప్రయాణంలో ఉన్న బిడ్డ, ఇంట్లో ఉన్న తల్లిదండ్రులు ఒకే సమయంలో చేతులెత్తితే అంతకంటే గొప్ప రక్షణ ఏముంటుంది? అలా జరగాలంటే బిడ్డ ప్రయాణంలో ఉన్నాడని తల్లిదండ్రులకు తెలియాలి కదా!

బయలుదేరే ముందు నాలుగు మాటలు

ఇప్పుడు తల్లిదండ్రులు అడిగితే నేను ఇలా చెబుతున్నాను. మానిపించాలా వద్దా అని నిర్ణయించే ముందు బిడ్డను నాలుగు విషయాలు అడగండి. విచారణలా అడగవద్దు, మీరు కూడా వెంట వెళుతున్నంత ఆసక్తితో అడగండి.

మొదటిది, తోడు ఎవరు? యూసుఫ్ సూరా నేర్పే మొదటి జాగ్రత్త ఇదే. వారిలో నమాజు చేసేవారు ఎందరు? మద్యం తాగేవారు ఉన్నారా? స్త్రీ పురుషులు కలిసి వెళుతున్నారా? ఒకే బసలో ఉండబోతున్నారా? పరాయి స్త్రీతో ఏకాంతం, మద్యం వడ్డించే కూర్పు మన ధర్మంలో నిషిద్ధం. ఈ హద్దు గురించి మెత్తగా, అయితే స్పష్టంగా చెప్పాలి. అలాంటి బృందమైతే వద్దనటం తల్లిదండ్రుల హక్కు. మంచి బృందమైతే ఆ పిల్లల పేర్లు, ఇద్దరి నంబర్లు రాసి ఉంచుకోవాలి.

రెండవది, మీ అమీర్ ఎవరు? ముగ్గురు ప్రయాణిస్తే తమలో ఒకరిని నాయకునిగా ఎన్నుకోవాలని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఈ ఆదేశంలోని వివేకం నేటి యువకులకు చాలా అవసరం. పదిమంది ఉన్నచోట ‘నీళ్ళలోకి దిగవద్దు’ అనటానికి ఒక్కరికైనా అధికారం ఉండాలి. ఎవరికీ అధికారం లేని గుంపులో అందరికంటే దుందుడుకువాడే నాయకుడవుతాడు. కారు నడిపేవాడు నిద్రలేమితో ఉన్నాడా, చీకటి పడకముందే కొండ దిగాలా, నమాజుకు ఎక్కడ ఆగాలి, ఇవన్నీ అమీర్ ముందుగా నిర్ణయించాలి.

మూడవది, ఎక్కడికి వెళుతున్నావు, ఎప్పుడు తిరిగి వస్తావు? సిగ్నల్ లేని చోటైతే ఆ సంగతి ముందే చెప్పమనండి. ‘రాత్రి పదికల్లా సందేశం పంపుతాను’ అన్న ఒక్క మాట ఒక తల్లికి నిద్రనిస్తుంది. ప్రయాణం మనిషి తిండిని, నిద్రను దూరం చేసే ఒక కష్టమని, పని పూర్తికాగానే ఇంటివారి దగ్గరకు త్వరగా చేరుకోవాలని మహాప్రవక్త (స) హితవు చెప్పారు.

నాలుగవది, నీరు. ఈ విషయాన్ని కొంత వివరంగా రాయాలి.

నీటి దగ్గర

2024లో ఆ కొద్ది నెలల్లోనే ఎన్ని ఇళ్ళలో దుఃఖం నిండిందో చూడండి. ఏప్రిల్‌లో స్కాట్లాండ్ ఘటన జరిగిన కొద్ది రోజులకే, కిర్గిజ్‌స్తాన్‌లో వైద్యవిద్య చదువుతున్న అనకాపల్లి జిల్లా యువకుడు తోటి విద్యార్థులతో గడ్డకట్టిన జలపాతాన్ని చూడటానికి వెళ్ళి మంచులో చిక్కుకుని మరణించాడు. మే 8న అమెరికాలోని అరిజోనాలో, చదువు పూర్తయిన సంతోషంలో మిత్రబృందంతో ఫాసిల్ క్రీక్ జలపాతానికి వెళ్ళిన ఇద్దరు తెలుగు యువకులు మునిగిపోయారు. జూన్‌లో రష్యాలోని వెలికీ నొవ్‌గొరోద్ నగరం దగ్గర వోల్ఖోవ్ నదిలో నలుగురు భారతీయ వైద్య విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. వారు మహారాష్ట్రలోని జల్గావ్ ప్రాంతపు పిల్లలు. ఒకరు ప్రవాహంలో చిక్కుకుంటే కాపాడబోయి మిగిలినవారు కూడా మునిగారు. అయిదవ వ్యక్తిని మాత్రం రక్షించగలిగారు. వారిలో ఒక యువకుడు ఆ సమయంలో ఇంటివారితో వీడియో కాల్‌లో ఉన్నాడని, బయటకు రమ్మని వారు బతిమాలుతూనే ఉన్నారని పత్రికలు రాశాయి. ఆ తల్లిదండ్రులకు అల్లాహ్ సహనం ప్రసాదించుగాక!

మన పిల్లలు బావుల్లో, చెరువుల్లో ఈత నేర్చుకున్నవారు. ఎండకాలపు మన నీటికి, మంచు కరిగి వచ్చే నదుల నీటికి ఎంతో తేడా ఉంది. ఈ సంగతి నాకు నా శిష్యుడే వివరించాడు. నీటి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే తక్కువగా ఉంటే, అందులో హఠాత్తుగా పడిన మనిషికి తెలియకుండానే ఊపిరి ఒక్కసారిగా లోపలికి లాగబడుతుంది. తల నీటిలో ఉంటే ఆ ఊపిరితోనే నీరు లోపలికి పోతుంది. గుండె వేగం పెరుగుతుంది, చేతులు కాళ్ళు స్వాధీనంలో ఉండవు. ఈత వచ్చినవారు కూడా మొదటి నిమిషంలోనే మునిగిపోవచ్చు. అందుకే బ్రిటన్‌లో సముద్ర తీరాల్లో ప్రాణరక్షణ చేసే ఆర్‌ఎన్‌ఎల్‌ఐ సంస్థ, అలా పడినవారు వెంటనే ఈదటానికి పెనుగులాడకుండా, తల వెనక్కి వాల్చి వెల్లకిలా తేలుతూ ఊపిరి అదుపులోకి వచ్చేవరకు ఆగాలని బోధిస్తోంది. జలపాతం క్రింద పైకి ప్రశాంతంగా కనిపించే మడుగులో లోపలి సుడి బలంగా ఉంటుంది. నాచు పట్టిన రాయి మీద ఫోటో కోసం నిలబడటం కూడా ప్రమాదమే.

మిత్రుడు మునుగుతుంటే ఏం చేయాలి? ఒక ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళిని కాపాడటంతో సమానమని ఖుర్ఆన్ మనకు బోధించింది. అదే ఖుర్ఆన్ మీ చేతులారా మిమ్మల్ని వినాశంలో పడవేసుకోవద్దని కూడా హెచ్చరించింది. ఈ రెండూ కలిపి అర్థం చేసుకోవాలి. శిక్షణ లేనివాడు నీటిలోకి దూకితే రెండు జనాజాలు లేస్తాయి. ఒడ్డున నిలబడి తాడు, కర్ర, కండువా, గాలి నింపిన సంచి, చేతికి ఏది దొరికితే అది విసరాలి. ఇంకొకరు వెంటనే సహాయం కోసం ఫోను చేయాలి. బ్రిటన్‌లో 999, అమెరికాలో 911, ఆస్ట్రేలియాలో 000, ఐరోపా దేశాల్లో 112. బిడ్డ వెళ్ళే దేశపు నంబరు తల్లిదండ్రులకు కూడా కంఠస్థం కావాలి. విదేశాంగ మంత్రిత్వ శాఖ 2015లో ప్రారంభించిన ‘మదద్’ పోర్టల్‌లో విద్యార్థులు తమ వివరాలు నమోదు చేసుకోవచ్చు. ఆపద సమయంలో రాయబార కార్యాలయాన్ని చేరుకోవటానికి అది ఉపకరిస్తుంది.

నీట మునిగి మరణించిన విశ్వాసికి షహీద్ పుణ్యం ఉందని హదీసుల్లో ఉంది. అది దుఃఖంలో ఉన్నవారికి అల్లాహ్ ఇచ్చిన ఊరట. ఒడ్డున నిలబడి ఉన్నవాడు దానిని ధైర్యంగా తీసుకుని దూకరాదు. ఒంటెను వదిలేసి అల్లాహ్‌పై నమ్మకం ఉంచాలా అని అడిగిన వ్యక్తితో, ముందు దానిని కట్టివేసి ఆ తరువాత నమ్మకం ఉంచమని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి తిర్మిజీలో ఉంది.

నా శిష్యుడు అడగలేకపోయిన ప్రశ్నలు

విదేశాల్లో ఉన్న ఇతర పిల్లలకు కూడా ఉపయోగపడతాయని ఆ జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఇవి హనఫీ ఫిఖహ్ ప్రకారం రాసినవి.

చదువు కోసం ఏడాది పాటు ఉండే సంకల్పంతో చేరిన నగరంలో విద్యార్థి ప్రయాణికుడు కాడు, అక్కడ పూర్తి నమాజు చేయాలి. ఆ నగరం నుండి సుమారు 78 కిలోమీటర్లు లేక అంతకుమించిన దూరానికి బయలుదేరి నగర సరిహద్దు దాటితే అతను ముసాఫిర్ అవుతాడు. గమ్యంలో పదిహేను రోజుల కంటే తక్కువ ఉండే ఉద్దేశం ఉంటే జుహర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులు నాలుగు రకాతులకు బదులు రెండు చేయాలి. ఫజ్ర్ రెండు, మగ్రిబ్ మూడు యథాతథం. స్థానిక ఇమామ్ వెనుక నిలబడితే మాత్రం పూర్తిగా చేయాలి. రెండు పూటల నమాజులను ఒకే సమయంలో కలిపి చేయటాన్ని ఇతర ఇమాములు ప్రయాణంలో అనుమతించారు. మన మస్లక్‌లో జుహర్‌ను దాని చివరి సమయంలో, అస్ర్‌ను దాని మొదటి సమయంలో చేస్తే ఒక్కసారి ఆగటంతోనే రెండూ నెరవేరుతాయి.

కారు ఆపుకునే అవకాశం ఉన్నప్పుడు ఫర్జ్ నమాజును సీటులో కూర్చుని చేస్తే చెల్లదు. దానిని తిరిగి చేయాలి. నా శిష్యుడు ఆ జుహర్‌ను నా ముందే, మద్రసాలోనే మళ్ళీ చేశాడు. ప్రయాణంలో తప్పిపోయిన ఖస్ర్ నమాజు కనుక రెండు రకాతులే చేయించాను. చలి ప్రాంతాల్లో వుజూ చేసుకుని చర్మపు మేజోళ్ళు తొడుక్కుంటే, ప్రయాణికుడు మూడు పగళ్ళు, మూడు రాత్రుల వరకు వాటి మీద మసహ్ చేసుకోవచ్చు. హలాల్ మాంసం దొరకని చోట చేప, గుడ్లు, కూరగాయలు ఉంటాయి. మద్యం ముందుకు వస్తే కోపంతో ఉపన్యాసం ఇవ్వనవసరం లేదు. అక్కడి నుండి లేచి వెళ్ళాలి. లేచి వెళ్ళటానికి వేరే గది, వేరే వాహనం ఉన్నాయో లేదో బయలుదేరే ముందే చూసుకోవాలి.

“నమాజుకు కారు ఆపమని అడగటానికి సిగ్గేసింది” అన్నాడు కదా ఆ అబ్బాయి. తరువాతి ప్రయాణంలో ధైర్యం చేసి అడిగాడట. కారు నడుపుతున్న ముస్లిమేతర మిత్రుడు వెంటనే ఆపి, వాన పడుతుంటే నమాజు పూర్తయ్యేవరకు గొడుగు పట్టుకుని నిలబడ్డాడట. మనం భయపడే చోట అల్లాహ్ మనకు స్నేహితులను కూడా ఉంచాడు.

కుమార్తెల చదువు ప్రయాణాల విషయంలో మహ్రమ్ తోడుకు సంబంధించిన నియమాలు ఉన్నాయి. వాటిని వచ్చే సంచికలో విడిగా వివరిస్తాను, ఇన్‌షా అల్లాహ్.

ఆ కుటుంబంలో ఇప్పుడు ఒక పద్ధతి ఏర్పడింది. అబ్బాయి ఉద్యోగ ప్రయత్నంలో మళ్ళీ బ్రిటన్‌లోనే ఉన్నాడు. ఎక్కడికైనా వెళ్ళవలసివస్తే శుక్రవారం రాత్రి ఇంటికి ఒక సందేశం పంపుతాడు. చోటు, తోటివారి పేర్లు, అమీర్ ఎవరు, తిరిగివచ్చే సమయం, అంతే. తండ్రి దానికి జవాబుగా ప్రయాణపు దుఆ రాసి పంపుతారు. తల్లి మాత్రం నీళ్ళ దగ్గరకు వెళ్ళనని మాట ఇమ్మంటారు. అతను ఇస్తాడు. పోయిన నెలలో నాకు కూడా ఒక సందేశం వచ్చింది: “ఉస్తాద్! ఈ శనివారం వెళ్ళే చోటు 60 కిలోమీటర్లే. ఖస్ర్ చేయాలా?” చేయనవసరం లేదని, పూర్తి నమాజు చేయమని రాశాను. ఆ చిన్న ప్రశ్న వచ్చినందుకు రెండు రకాతుల షుక్రానా నమాజు చేసుకున్నాను.

ఓ అల్లాహ్! చదువుల కోసం దూరదేశాల్లో ఉన్న మా బిడ్డలను నీటి నుండి, నిప్పు నుండి, చెడు సహవాసం నుండి కాపాడు. వారు తమ మనసులోని మాట మాతో చెప్పుకోగలిగేంత విశాలమైన హృదయాలను మాకు ప్రసాదించు. బిడ్డలను కోల్పోయిన తల్లిదండ్రులకు ఉత్తమ సహనాన్ని ప్రసాదించు. ఆమీన్.